పాత సూపర్‌హీరో కామిక్స్, వాటి వేరియంట్లు ఎలా సేకరించాలి

మార్వెల్ సంస్థ 1977 ఆగస్టు తేదీతో వెలువరించిన ‘ఐరన్ ఫిస్ట్’ 14వ సంచిక ప్రతులు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. అట్ట మీద బొమ్మ అదే, లోపల కథ అదే. సేబర్‌టూత్ అనే పాత్ర తొలిసారి కనిపించేది రెండింటిలోనూ ఒకే పుటలో. కానీ ఒకదాని మీద ధర 30 సెంట్లు, రెండోదాని మీద 35 సెంట్లు. ధర పెంచితే జనం కొంటారా, మానేస్తారా అని తెలుసుకోవడానికి మార్వెల్ ఆ ఏడాది జూన్ నుంచి అక్టోబరు వరకు తేదీ ఉన్న కొన్ని సంచికలను కొద్ది నగరాల్లో మాత్రమే ఐదు సెంట్లు ఎక్కువకు అమ్మి చూసింది. అప్పట్లో ఆ తేడాను పట్టించుకున్నవారు లేరు. ఇవాళ అదే స్థితిలో ఉన్న మామూలు ప్రతికన్నా 35 సెంట్ల ప్రతి ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. ఇలా ఒకే సంచికలో ధర, గుర్తు, ముఖచిత్రం వంటి ఏదో ఒక తేడాతో అచ్చయిన ప్రతులనే వేరియంట్లు అంటారు.

కథ చదవడం అందరికీ వచ్చు. సేకరించాలనుకునేవారు ప్రతిని చదవడం నేర్చుకోవాలి. చేతిలో ఉన్న కాగితం ఎప్పుడు, ఎవరి కోసం అచ్చయింది, ఆ తర్వాత దానికి ఏమేం జరిగింది అన్నవి ఆ కాగితమే చెబుతుంది. డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయవలసిన పనులను వరుసగా చెబుతాను.

ముందు హద్దు గీసుకోండి

‘పాత కామిక్స్ సేకరిస్తాను’ అని బయలుదేరితే ఏడాది తిరిగేసరికి పెట్టెలు నిండుతాయి, సేకరణ మాత్రం కనిపించదు. ఒక పాత్ర, ఒక చిత్రకారుడు, ఒక పదేళ్ల కాలం, ఒక రకం వేరియంట్లు — వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని, కావలసిన సంచికల పట్టిక కాగితం మీద రాసుకోండి.

కాలాల పేర్లు తెలిసి ఉండాలి, అమ్మేవారంతా వాటితోనే మాట్లాడతారు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక (జూన్ 1938, ధర 10 సెంట్లు) నుంచి గోల్డెన్ ఏజ్. కొత్త ఫ్లాష్ పాత్రను తెచ్చిన ‘షోకేస్’ 4వ సంచిక (1956) నుంచి సిల్వర్ ఏజ్. 1970 ప్రాంతం నుంచి 1980ల నడిమి దాకా బ్రాంజ్ ఏజ్. అట్ట మీద తేదీ, అమ్మకానికి వచ్చిన తేదీ ఒకటి కావని గుర్తుంచుకోండి. పుస్తకం పాతబడినట్టు కనిపించకుండా ప్రచురణకర్తలు సాధారణంగా రెండు మూడు నెలలు ముందుకు జరిపి తేదీ వేసేవారు.

గోల్డెన్ ఏజ్ ప్రతులు దొరకకపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పాత కాగితం పోగుచేసే ఉద్యమం నడిచింది, పిల్లలే తమ పుస్తకాలను తెచ్చి ఇచ్చారు. 1954లో కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఈ దెబ్బలకు పోయినవి పోగా మిగిలిన కొద్ది ప్రతుల కోసమే ఇవాళ లక్షల డాలర్ల వేలాలు నడుస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు బ్రాంజ్ ఏజ్ దగ్గర మొదలుపెట్టడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ప్రతులు ఇంకా దొరుకుతాయి, తప్పు చేసినా నష్టం తట్టుకోగలిగినంతే ఉంటుంది, పైగా ధరల వేరియంట్ల అసలు రుచి ఆ కాలంలోనే ఉంది.

చేతిలో ఉన్నది అసలు ముద్రణేనా?

అట్ట చూసి నిర్ణయానికి రాకండి. మొదటి పుట అడుగున గానీ, అట్ట లోపలి వైపు గానీ చిన్న అక్షరాల్లో ప్రచురణ వివరాలు ఉంటాయి. సంచిక సంఖ్య, నెల, సంవత్సరం, ప్రచురణకర్త చిరునామా అన్నీ అక్కడే. పునర్ముద్రణ అయితే చాలాసార్లు ఆ పేరాలోనే బయటపడుతుంది. ఆ తర్వాత ప్రకటనలు చూడండి. 1962 నాటి పుస్తకంలో 1990ల సరుకు ప్రకటన ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కొన్ని పునర్ముద్రణలు ఎంతోమందిని మోసం చేశాయి. సూపర్‌మ్యాన్ కథల ప్రచురణ సంస్థ డీసీ 1974లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికను పెద్ద సైజులో, ‘ఫేమస్ ఫస్ట్ ఎడిషన్’ అనే పై అట్ట వేసి మళ్లీ అచ్చువేసింది. ఆ పై అట్ట తీసేస్తే లోపల ఉన్నది అచ్చం 1938 నాటి పుస్తకంలాగే కనిపిస్తుంది. అలా అట్ట చింపి అసలు ప్రతి అని అమ్మినవారు ఉన్నారు. దీన్ని పట్టుకోవడానికి స్కేలు చాలు. పునర్ముద్రణ సుమారు 10 అంగుళాల వెడల్పు, పదమూడున్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. అసలు పుస్తకం అంతకన్నా బాగా చిన్నది. 1966లో గ్రామఫోన్ రికార్డులతో కలిపి అమ్మిన ‘గోల్డెన్ రికార్డ్’ పునర్ముద్రణలు మరో ఉచ్చు. ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’, ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచికలు వాటిలో ఉన్నాయి. అసలు ప్రతుల మీద ఉండే ధర వాటి అట్ట మీద కనిపించదు.

వేరియంట్లను గుర్తుపట్టండి

నేను ఈ పనిలో ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే, మీరూ ఇక్కడ తొందరపడవద్దు. వేరియంట్ అనే ఒక్క మాట కింద వేర్వేరు పుట్టుక ఉన్న ప్రతులు కలిసిపోతున్నాయి. ప్రచురణకర్త కావాలని ‘అరుదు’గా తయారుచేసినవి కొన్ని. వ్యాపార అవసరం కోసం అచ్చయి, ఎవరూ దాచకపోవడం వల్ల అరుదైపోయినవి కొన్ని. నా మనసు ఎప్పుడూ రెండో రకం మీదే.

ఆ రెండో రకంలో మొదటివి పరీక్ష ధరల ప్రతులు. 1976 ఏప్రిల్ నుంచి ఆగస్టు తేదీల వరకు మార్వెల్ 25 సెంట్ల పుస్తకాల్లో కొన్నింటిని కొన్నిచోట్ల 30 సెంట్లకు, మరుసటి ఏడాది జూన్ నుంచి అక్టోబరు వరకు 30 సెంట్ల పుస్తకాలను 35 సెంట్లకు అమ్మింది. నెల చాలా ముఖ్యం. ఆ తర్వాత అదే ధర అందరికీ మామూలు ధర అయింది కాబట్టి 1977 డిసెంబరు నాటి 35 సెంట్ల ప్రతిలో ప్రత్యేకత ఏమీ లేదు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ మొదటి సంచిక సూపర్‌హీరో కథ కాకపోయినా ఒక పాఠం కోసం చెప్పాలి. 35 సెంట్ల అసలు వేరియంట్‌లో ధర చదరపు గడిలో ఉంటుంది, అట్ట మీద బార్‌కోడ్ ఉంటుంది. ధర చుట్టూ వజ్రం ఆకారపు గడి ఉన్న 35 సెంట్ల ప్రతులు పునర్ముద్రణలు. ధర ఒక్కటే చూసి కొన్నవారు వాటి దగ్గర మోసపోతారు.

తర్వాత వేరే దేశాల కోసం అచ్చయిన ప్రతులు. 1960 నుంచి మార్వెల్ బ్రిటన్‌కు పంపే ప్రతులను అమెరికాలోనే, అదే యంత్రం మీద, అదే ముద్రణలో భాగంగా, పెన్స్ ధరతో అచ్చువేయించేది. వీటిని చాలాకాలం పునర్ముద్రణలని చిన్నచూపు చూశారు. కావు, అవి తొలి ముద్రణలే. అయితే సెంట్ల ధర ఉన్న అమెరికా ప్రతి మీద బ్రిటన్ పంపిణీదారు సిరా ముద్ర కొట్టి అమ్మినవీ ఉన్నాయి. సిరా ముద్ర ఉన్నంత మాత్రాన అది వేరియంట్ కాదు.

1982 చివరి నుంచి కెనడాలో పత్రికల దుకాణాలకు పంపిన ప్రతుల మీద కెనడా ధర ఒక్కటే వేశారు. మార్వెల్ 1986 వరకు, డీసీ 1988 వరకు ఈ పద్ధతి నడిపాయి. హాబ్‌గాబ్లిన్ అనే దుష్టపాత్ర తొలిసారి వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 238వ సంచిక (మార్చి 1983) అమెరికాలో 60 సెంట్లు, కెనడాలో 75 సెంట్లు. ఆ కాలపు కెనడా జనాభా అమెరికా జనాభాలో దాదాపు పదో వంతు. ప్రతులు ఎంత తక్కువగా వెళ్లి ఉంటాయో అంచనా వేసుకోవచ్చు.

ఇక న్యూస్‌స్టాండ్ ప్రతులు, అంటే పత్రికల దుకాణాలకు వెళ్లినవి; డైరెక్ట్ ప్రతులు, అంటే కామిక్స్ దుకాణాలకు నేరుగా వెళ్లినవి. 1970లలో ఫిల్ స్యూలింగ్ అనే వ్యాపారి చొరవతో కామిక్స్ దుకాణాలు నేరుగా ప్రచురణకర్తల దగ్గర కొనడం మొదలైంది. తగ్గింపు ఎక్కువ, కానీ మిగిలిన ప్రతులు వెనక్కి పంపకూడదు. పత్రికల దుకాణాలకైతే ఆ హక్కు ఉండేది. రెండింటినీ వేరుగా గుర్తించడానికి అట్ట మీద గుర్తులు మార్చారు. 1980ల మార్వెల్ పుస్తకాల్లో బార్‌కోడ్ ఉంటే న్యూస్‌స్టాండ్ ప్రతి. బార్‌కోడ్ ఉండవలసిన గడిలో స్పైడర్‌మ్యాన్ ముఖం వంటి బొమ్మ ఉంటే డైరెక్ట్ ప్రతి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. న్యూస్‌స్టాండ్ అనగానే అరుదు అనుకుంటారు. 1980లో ఎక్కువ పుస్తకాలు న్యూస్‌స్టాండ్లలోనే అమ్ముడయ్యేవి, అప్పటి న్యూస్‌స్టాండ్ ప్రతి కొల్లలుగా దొరుకుతుంది. 1990ల చివరికి వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. 2000 తర్వాతి న్యూస్‌స్టాండ్ ప్రతి, అందులోనూ నలగనిది, నిజంగా కష్టం. కాబట్టి గుర్తుతో పాటు ఏడాదిని కూడా చూసి విలువ కట్టండి.

అచ్చులో జరిగిన మార్పులు మరీ పాతకాలంలోనూ ఉన్నాయి. ‘మార్వెల్ కామిక్స్’ మొదటి సంచిక మీద అక్టోబరు 1939 అని ఉన్నవి కొన్ని ప్రతులే. మిగిలిన వాటిలో ఆ తేదీ మీద నల్లగా కొట్టేసి నవంబరు అని వేశారు. అక్టోబరు ప్రతి కనబడటమే గొప్ప.

కావాలని చేసిన వేరియంట్ల విషయానికొస్తే, జాన్ బైర్న్ గీసిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ మొదటి సంచిక 1986లో రెండు ముఖచిత్రాలతో వచ్చింది. 1991లో ‘ఎక్స్-మెన్’ మొదటి సంచికను ఐదు ముఖచిత్రాలతో వేస్తే 80 లక్షలకు పైగా ప్రతులు దుకాణాలకు వెళ్లాయి. కొన్నవారు చాలామంది వాటిని చదవకుండా సంచుల్లో భద్రపరిచారు. అందుకే ముప్పై ఏళ్లు దాటినా అది తళతళలాడుతూ, చవకగా దొరుకుతుంది. ఈ రోజుల్లో కనిపించే ‘25కు 1’ వంటి వేరియంట్ల అర్థం కూడా తెలుసుకోండి. దుకాణదారు మామూలు ప్రతులు 25 తెప్పించుకుంటే ఒక వేరియంట్ ప్రతి ఇస్తారని మాత్రమే. మొత్తం ఎన్ని అచ్చయ్యాయన్నది ఆ అంకె చెప్పదు. విడుదలైన వారంలో ఎక్కే ధర ఆ తర్వాత దిగడం మామూలే. బొమ్మ నచ్చితే కొనండి, కానీ ఆ వారంలో కొనకండి.

స్థితిని పరిశీలించే క్రమం

ధర స్థితి మీద ఆధారపడుతుంది. గ్రేడు 0.5 నుంచి 10 దాకా ఉంటుంది. పేర్లు విని పొరబడవద్దు. ‘గుడ్’ అంటే 2.0, అంటే బాగా నలిగిన పుస్తకం. ‘ఫైన్’ 6.0, ‘వెరీ ఫైన్’ 8.0, ‘నియర్ మింట్’ 9.4.

చేతులు కడిగి, పూర్తిగా ఆరాక పుస్తకాన్ని చదునైన బల్ల మీద పెట్టండి. మొదట వెన్ను చూడండి. పిన్నుల చుట్టూ అడ్డంగా వచ్చే సన్నని గీతల్లో రంగు పోయిందా, లేదా కేవలం మడత పడిందా? రంగు పోతే గ్రేడు బాగా పడుతుంది. వెలుతురు కింద అట్టను కొద్దిగా వంచి చూస్తే నేరుగా కనిపించని మడతలు బయటపడతాయి. పుస్తకం నడిమధ్య నిలువుగా ఒక మడత ఉంటే అది టపాలో చందాదారుకు మడిచి పంపిన ప్రతి అని అర్థం. 1960ల తొలినాళ్ల మార్వెల్ పుస్తకాల కుడి అంచున చిన్న చిన్న పెచ్చులు ఊడి ఉంటాయి. ముద్రణాలయంలో మొండి కత్తితో కోయడం వల్ల అవి వచ్చాయి. చదివినవారి తప్పు కాకపోయినా గ్రేడు మాత్రం తగ్గుతుంది.

తర్వాత పిన్నులు. తుప్పు కాగితంలోకి పాకిందా చూడండి. పిన్ను మెరుస్తూ చుట్టూ తుప్పు మరక ఉంటే ఎవరో పిన్ను మార్చారు. వెన్నులో వాడని రంధ్రాలు ఉంటే అట్ట వేరే ప్రతి నుంచి తెచ్చి కలిపి ఉండవచ్చు. నడిమి కాగితం రెండు పిన్నులకూ పట్టుకుని ఉందో లేదో చూడండి.

ఇక పుటలు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వుల్వరీన్ పూర్తిస్థాయిలో తొలిసారి కనిపించిన ‘ది ఇంక్రెడిబుల్ హల్క్’ 181వ సంచిక (నవంబరు 1974) ప్రతి ఒకటి నేను అట్ట చూసి మురిసిపోయి కొన్నాను. ఇంటికి వచ్చి తిరగేస్తే పాఠకుల ఉత్తరాల పుటలో చదరంగా ఒక రంధ్రం ఉంది. ఆ రోజుల్లో మార్వెల్ ఉత్తరాల పుటల్లో ‘వాల్యూ స్టాంపు’ అని ఒక చిన్న బొమ్మ అచ్చువేసి, కత్తిరించి అంటించుకోమని పిల్లలను ప్రోత్సహించింది. ఒక పిల్లవాడు ఎంతో ఇష్టంగా కత్తిరించుకున్నాడు, నా ప్రతి విలువ సగం కన్నా ఎక్కువ పోయింది. కాబట్టి స్టాంపు, కూపన్లు, మధ్యలో పెట్టిన అంటింపులు అన్నీ ఉన్నాయో చూడండి. పైన చెప్పిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 238లో పచ్చబొట్టు అంటింపుల కాగితం ఉండాలి. అది లేకపోతే ఎంత మెరిసే ప్రతి అయినా అసంపూర్ణమే.

కాగితం రంగు చివరి పరీక్ష. తెలుపు, మీగడ, గోధుమ రంగు, ఆ తర్వాత పొడిపొడిగా రాలడం — ఈ దారిలోనే న్యూస్‌ప్రింట్ ముసలిదవుతుంది. చెక్కగుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం గాలికీ వెలుతురుకూ ఆమ్లంగా మారి కాగితాన్ని తినేస్తుంది. పుట తిప్పుతుంటే అంచు విరిగే పుస్తకాన్ని ఎంత చవకైనా కొనకండి.

దాచిన మరమ్మతులు

రంగు పూయడం, అంచు కోయడం, చిరుగు అంటించడం, పోయిన ముక్క అతికించడం. వీటిని చెప్పి అమ్మితే తప్పు లేదు, మరమ్మతు చేసిన ప్రతిని తక్కువ ధరకు కొనుక్కుని ఆనందించవచ్చు. చెప్పకుండా అమ్మడమే మోసం. అట్ట తిప్పి లోపలి తెల్లని వైపు చూస్తే పూసిన రంగు మరకలా ఇంకి కనిపిస్తుంది. చీకటి గదిలో అతినీల లోహిత దీపం కింద కొత్త రంగు, జిగురు పాత సిరాకు భిన్నంగా మెరుస్తాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో అసలు అచ్చు రంగు చుక్కచుక్కలుగా ఉంటుంది, పెన్నుతో దిద్దింది ఏకంగా ఉంటుంది. ధర అంకె దిద్దిన నకిలీ వేరియంట్లు కూడా ఇలాగే దొరికిపోతాయి. మూలలు అరిగిపోయి అంచు మాత్రం కత్తిలా ఉంటే, అంచు కాగితం మిగతా పుటకన్నా తెల్లగా ఉంటే, కోశారని అనుమానించి అదే కాలపు మరో పుస్తకంతో కొలిచి చూడండి.

ధర తేల్చుకోవడం, కొనడం

1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం చరిత్రకూ వేరియంట్ల వివరాలకూ చాలా మంచిది. కానీ ఈ నెల ధర తెలియాలంటే ఈబే వెబ్‌సైట్, హెరిటేజ్ వేలం సంస్థ వంటి చోట్ల నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. అడుగుతున్న ధరలు లెక్కలోకి తీసుకోకండి. కనీసం నాలుగైదు అమ్మకాలు, అదే గ్రేడులో, అదే వేరియంట్‌వి, పోల్చండి.

2000లో మొదలైన సీజీసీ వంటి సంస్థలు పుస్తకానికి గ్రేడు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. లేబుల్ రంగు చదవడం నేర్చుకోండి. నీలం మామూలుది, ఊదా రంగు మరమ్మతు చేసింది, ఆకుపచ్చ ఏదో పెద్ద లోపం విడిగా పేర్కొన్నది, పసుపు సంస్థ సాక్షి ఎదుట సంతకం చేయించిన ప్రతిది. పెట్టె మీది సంఖ్యను సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, పెట్టె అంచులు తెరిచిన గుర్తులు ఉన్నాయేమో చూడండి. పెట్టె తెరిచి లోపలి పుస్తకం మార్చిన ఉదంతాలు ఉన్నాయి. ఖరీదైన ప్రతికి, వేరియంట్ అని రుజువు కావలసిన ప్రతికి పెట్టె అవసరం. నలభై డాలర్ల పుస్తకానికి గ్రేడు రుసుము పెట్టడం వృథా.

దూరం నుంచి కొనేటప్పుడు ముందు అట్ట, వెనక అట్ట, ప్రచురణ వివరాల పుట, నడిమి కాగితం, పిన్నులు, ధర గడి, వీటన్నిటి ఫొటోలు అడగండి. పంపడానికి ఇష్టపడని అమ్మకందారును వదిలేయండి. పుస్తకాన్ని రెండు గట్టి అట్టల మధ్య కదలకుండా బిగించి పెట్టెలో పంపమని ముందే చెప్పండి.

దాచే పద్ధతి

1977లో కొలరాడోలోని డెన్వర్ ప్రాంతంలో ఎడ్గర్ చర్చ్ అనే వ్యక్తి ఇంట్లోంచి పద్దెనిమిది వేలకు పైగా పాత కామిక్స్ బయటపడ్డాయి. చక్ రొజాన్‌స్కీ అనే యువ వ్యాపారి వాటిని కొన్నాడు. నలభై ఏళ్ల నాటి పుస్తకాలు నిన్న కొన్నట్టు ఉన్నాయి. వాటికి ప్రత్యేకమైన సంచులేమీ లేవు. పొడిగా, చల్లగా ఉండే గాలి, చీకటి, ఒకదాని మీద ఒకటి గాలి చొరకుండా పేర్చిన దొంతరలు — వాటిని కాపాడింది ఇదే. మీరూ అలాంటి గాలి, అలాంటి చీకటి ఉండేలా చూసుకోండి. అటక, నేలమాళిగ, బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు. తేమ 50 శాతం దగ్గర, వేడి 20 డిగ్రీల దగ్గర ఉంటే మేలు. రెండింటిలో ఏది కుదరకపోయినా, అవి రోజూ ఎక్కువగా మారకుండా చూసుకోండి.

సంచుల్లో పాలీప్రొపిలీన్‌వి చవక, కొన్నేళ్లకోసారి మార్చాలి. విలువైన వాటికి పాలియెస్టర్ ఫిల్మ్, అంటే మైలార్ సంచులు వాడండి. పీవీసీతో చేసినవి దగ్గరికి రానీయకండి. వెనక పెట్టే అట్ట ఆమ్లరహితమైనది, కాల్షియం కార్బొనేట్ కలిపినది అయి ఉండాలి. పుస్తకాలు నిలువుగా, వంగకుండా, అలాగని ఇరుక్కోకుండా పెట్టండి.

సంచి మూతకు అంటించిన టేపు విషయంలో జాగ్రత్త. పుస్తకం పైకి లాగేటప్పుడు తెరిచిన మూత మీది టేపు అట్టకు తగిలితే రంగంతా లేచి వస్తుంది. ముందు టేపును మూత వెనక్కి మడిచి అంటించి, ఆ తర్వాతే పుస్తకం తీయండి. లేదా మూతను అట్ట వెనక దోపి, టేపే వాడకండి.

కొన్న ప్రతి సంచికకూ ఒక వరుస రాసి పెట్టుకోండి: సంచిక సంఖ్య, తేదీ, అట్ట మీది ధర, న్యూస్‌స్టాండా డైరెక్టా, పుటల లెక్క, లోపాలు, ఎంతకు కొన్నారు. పెట్టెలో పెట్టే ముందు ధర గడిని దగ్గరగా ఒక ఫొటో తీయండి. తర్వాత 30 సెంట్లా, 35 సెంట్లా అన్న సందేహం వచ్చినప్పుడు పుస్తకాన్ని మళ్లీ సంచిలోంచి బయటికి తీయనక్కర్లేదు.